కాసు మీది ముఖం

రెండు వేల ఏళ్ల కిందట రోము చక్రవర్తులు వెండి, బంగారు నాణేల మీదెక్కి మన తూర్పు తీరానికి వచ్చారు. వాళ్లలో ఎవరి ముఖం ఉన్నది ఉన్నట్టు చెక్కారు? ఎవరిది తీర్చిదిద్దారు? ఆ ముఖాలను చూసి కళింగాంధ్ర ఏం చేసింది?

వంశధార సముద్రాన్ని చేరబోయే ముందు, దక్షిణపు గట్టున ఒక కొండ పక్కగా సాగుతుంది. అదే శాలిహుండం. శ్రీకాకుళం జిల్లా గార మండలం. కొండ మీద ఇటుకల స్తూపాలు, చైత్యాలు. కింద ఏరు. తూర్పున కళింగపట్నం రేవు. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వేంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగే. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్న మనిషికి ఈ కొండ మీది శిథిలాలు కంటపడకుండా ఉంటాయా! తర్వాతి కాలంలో పురావస్తు శాఖ వారు అక్కడ తవ్వకాలు జరిపారు. ఆంధ్రదేశంలో రోమన్ నాణెం దొరికిన చోట్ల జాబితాలో శాలిహుండం పేరు కూడా చేరింది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ, బావికొండ ఆరామాల్లోనూ రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి.

వర్తకులు తెచ్చింది వెండి. ఆ వెండితోపాటు ఒక ముఖం కూడా వచ్చింది. మన తీరానికి అది కొత్త. అప్పటిదాకా ఇక్కడ చేతులు మారిన విద్ధాంక (గుర్తులు కొట్టిన) నాణేల మీద సూర్యుడు, కొండ, చెట్టు, ఎద్దు, ఏనుగు వంటి గుర్తులుండేవి. రాజు పేరు ఉండేది కాదు, రాజు ముఖం అసలే ఉండేది కాదు. అలాంటి చోట, కళింగపట్నం రేవులో సరుకు తూచే వ్యాపారి అరచేతిలో ముక్కూ గడ్డమూ ఉన్న ఒక పరాయి మనిషి ప్రత్యక్షమయ్యాడు.

రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో ముగించిన గ్రంథంలో కళింగులను పేర్కొన్నాడు, వారి తీరంలో దండగుద అనే పట్టణం ఉందన్నాడు. అది దంతపురమేనని, నేటి సరుబుజ్జిలి మండలంలోని దంతవక్త్రుని కోట అదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. మన దేశపు సరుకుల కోసం రోము ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు పోగొట్టుకుంటోందని వాపోయింది కూడా ఆ ప్లినీయే. అంతకంటే నాకు ఎక్కువ నచ్చిన కబురు ఒకటి ఆయనే చెప్పాడు. క్లాడియస్ చక్రవర్తి కాలంలో గాలివాటుకు సింహళం చేరిన ఒక రోమన్ దగ్గర వెండి నాణేలు దొరికాయట. వాటి మీద ముఖాలు వేరువేరుగా ఉన్నాయి, అంటే వేర్వేరు రాజులు వేయించినవి. అయినా బరువు మాత్రం అన్నిటిదీ ఒకటే. అది చూసి అక్కడి రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడట. బరువు చూసే కళ్లు మన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. ముఖాలు పోల్చి చూసిన కళ్లు కూడా ఉన్నాయని ఈ కబురు చెబుతోంది.

టైబీరియస్‌ను దగ్గరగా చూస్తే

తెలుగు నేల మీద ఎక్కువగా కనిపించే రోమన్ ముఖాలు రెండు: అగస్టస్, ఆయన తర్వాత గద్దెనెక్కిన టైబీరియస్. నల్గొండ ప్రాంతపు అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 వెండి డినేరియస్‌లు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ ఇద్దరివే. ఇందుకు కారణం కళ కాదు, లోహం. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి డినేరియస్ బరువూ తగ్గించాడు, వెండి పాలూ తగ్గించాడు. మన వర్తకులకు పాత నాణెమే ముద్దయింది.

టైబీరియస్ డినేరియస్ ఒకటి చేతిలోకి తీసుకుందాం. అడ్డంగా 18, 19 మిల్లీమీటర్లు. కొత్తదైతే నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. ముఖం కుడివైపు తిరిగి ఉంటుంది. తల మీద లారెల్ ఆకుల దండ, దాని రిబ్బను కొసలు మెడ వెనక వేలాడుతుంటాయి. ముక్కు కొంచెం వంపు తిరిగి పొడుగ్గా ఉంటుంది. నోరు చిన్నది, పెదవులు బిగించి ఉంటాయి. గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. చుట్టూ లాటిన్ అక్షరాల్లో ఆయన బిరుదు: దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అగస్టస్. వెనక కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో రాజదండం, రెండో చేతిలో కొమ్మ. ఆమెను టైబీరియస్ తల్లి లివియాగా చాలామంది పోల్చుకుంటారు.

ఇది టైబీరియస్ ముఖమేనా? ఎముకల వరకు చూస్తే అవును. రోములోనూ ఇతర చోట్లా దొరికిన పాలరాతి శిల్పాల్లోనూ అదే ముక్కు, అదే చిన్న నోరు. వయసు మాత్రం అబద్ధం. ఆయన రాజ్యానికి వచ్చేసరికే దాదాపు 55 ఏళ్లు. చనిపోయేసరికి 77. నాణెం మీద ముడత ఒక్కటి కనిపించదు. ఇరవై మూడేళ్ల పాలనలో దాదాపు ఒకే నమూనా ముద్ర లక్షల సంఖ్యలో పడుతూ వచ్చింది. మనిషి ఇంట్లో ముసలివాడయ్యాడు. వెండి మీద కాలేదు.

ఈ పాఠం ఆయన నేర్చుకున్నది అగస్టస్ దగ్గరే. అగస్టస్ 76వ ఏట కన్నుమూశాడు. చివరి రోజుల నాణేల మీద కూడా నున్నటి బుగ్గలు, నుదుటి మీద పడే ముంగురులు, పాతికేళ్ల కుర్రాడే. అది గ్రీకు దేవతా శిల్పాల నుంచి తెచ్చుకున్న యౌవనం. అంతర్యుద్ధాలతో విసిగిపోయిన జనానికి ‘ఈ పాలన ముసలిదవదు’ అని చెప్పాలి. చదువు రాని రైతుకూ సిపాయికీ ఆ మాట చేరవేసే సులువైన దారి ఆనాడు నాణెం.

ముడతల రాజకీయం

అగస్టస్‌కు ముందు రోము మర్యాద వేరు. గణరాజ్యపు పెద్దమనుషులు తమ శిల్పాల్లో ముడతలు, బట్టతల, జారిపోయిన బుగ్గలు ఉండాలని కోరుకునేవారు. ముడత అంటే అనుభవం, ఊరికి చేసిన సేవ, నమ్మకం. క్రీ.పూ. 44లో బతికుండగానే తన ముఖాన్ని రోము నాణెం మీద వేయించుకున్న మొదటి మనిషి జూలియస్ సీజర్. ఆ నాణేలు కొన్నిటిలో ఆయన మెడ మీద చర్మం ముడతలు అడ్డగీతల్లా కనిపిస్తాయి, బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. తల మీద దండ మాత్రం దట్టంగా ఉంటుంది. బట్టతల కప్పుకోవడానికి ఆ దండ ధరించే హక్కు ఆయనకు మహా ఇష్టంగా ఉండేదని చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు. ముడతలు చూపించవచ్చు, బట్టతల కూడదు. నిజం ఎంతవరకు చెప్పాలో కూడా ఆయన లెక్క వేసుకున్నాడన్నమాట. ఆ నాణేలు వచ్చిన కొద్ది వారాలకే, మార్చి 15న ఆయన్ని పొడిచి చంపారు.

నీరో దగ్గరికి వస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. క్రీ.శ. 54లో తల్లి అగ్రిపీనాకు ఎదురుగా ముఖం పెట్టిన పదహారేళ్ల కుర్రాడు. పదేళ్లు తిరిగేసరికి మెడ లావెక్కింది, గడ్డం కింద కండ దిగింది, నుదుటి మీద జుట్టు వరసలు వరసలుగా దువ్వి పేర్చినట్టుంది. ఏదీ దాచలేదు. ఆ నిండుతనాన్ని ఆయన వైభవంగా చూపించుకున్నాడనే నాకు అనిపిస్తుంది. క్రీ.శ. 68లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు, ఆ మరుసటి ఏడాది రోము నలుగురు చక్రవర్తులను చూసింది. నాలుగోవాడు, నిలబడ్డవాడు వెస్పాసియన్.

ఈ కథంతటిలో నేను ఎక్కువసేపు ఆగి చూసే ముఖం ఆయనదే. బట్టతల. నుదుటి మీద మూడు నాలుగు గీతలు. కిందికి వంగిన ముక్కు, పైకి లేచిన గడ్డం, మధ్యలో గట్టిగా నొక్కిపెట్టిన నోరు. పొలం పని చేసి వచ్చిన పెద్దమనిషి మెడ. సంతలో బేరం ఆడితే పైసా వదలని ముఖం అది. ఇది కెమెరాకు దొరికిన నిజం లాంటిది కాదు, ఎంచుకున్న నిజం. నీరో అలంకారాలతో విసిగిన జనం ముందు ‘నేను అలాంటివాణ్ని కాను, పాతకాలపు రోమన్‌ని, ఖజానా లెక్క తెలిసినవాణ్ని’ అని ఆ బట్టతల చెబుతోంది. అగస్టస్‌కు యౌవనం ఎంత పనికొచ్చిందో వెస్పాసియన్‌కు ముడతలు అంత పనికొచ్చాయి. ఆయన చిన్నకొడుకు డొమీషియన్‌కు కూడా బట్టతలే. ఆ బాధతో జుట్టు సంరక్షణ మీద పుస్తకం కూడా రాశాడు. నాణెం మీద మాత్రం తల నిండా ఉంగరాల జుట్టు. ఒకే ఇంట్లో తండ్రి చూపించుకున్నదాన్ని కొడుకు దాచుకున్నాడు.

అందుకే ఒక నాణెం నిజరూపానికి దగ్గరగా ఉంది కాబట్టి గొప్పది, ఇంకొకటి తీర్చిదిద్దింది కాబట్టి తక్కువది అనే లెక్కతో నాకు పేచీ ఉంది. ఉన్నది ఉన్నట్టు చూపడం కూడా ఒక శైలే. శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వపా) బొమ్మల్లోని స్త్రీల కళ్లు, నడుములు ఏ ఊళ్లోనూ కనబడవు. అయినా వపా బొమ్మ అబద్ధమని మనలో ఎవరూ అనరు. ఆయన ఒక మనిషిని గీయలేదు, ఒక ఊహను గీశారు. అగస్టస్ చెక్కుడు పనివాడూ అదే చేశాడు.

ఆ పనివాడి గురించీ కాస్త చెప్పుకోవాలి. గట్టి లోహపు దిమ్మె మీద అంగుళం కంటే తక్కువ జాగాలో, ముఖాన్ని తిరగేసి, అంటే పల్లం చేసి, ఎడమ కుడులు మార్చి చెక్కాలి. కింది దిమ్మె మీద లోహపు బిళ్ల పెట్టి, పైన వెనకవైపు ముద్ర ఉన్న రెండో దిమ్మె ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ. బిళ్ల కొంచెం జరిగితే చక్రవర్తి ముక్కు కొస అంచు దాటిపోతుంది. అరిగిన దిమ్మెకు బదులు కొత్తది చెక్కాలి. ఒక్కో చేతిలో ఒక్కో టైబీరియస్ తయారవుతాడు: ఒకడి దగ్గర సన్నటి మెడ, ఇంకొకడి దగ్గర లావు దవడ. ఆ కళాకారుల పేర్లు నాణేల మీద లేవు, రాజు పేరొక్కటే ఉంది.

రెండో శతాబ్దంలో హేడ్రియన్ గడ్డం పెంచాడు. దాంతో తర్వాతి తరాల చక్రవర్తులకు గడ్డమే మర్యాదైంది. అంటోనినస్ పయస్ భార్య ఫాస్టీనా జడలు నడినెత్తిన ముడిగా చుట్టుకుంటే ఆ కొప్పు నాణేల వెంట లోకమంతా తిరిగింది. నాగార్జునకొండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఒకటి టైబీరియస్‌ది, మరొకటి ఈ ఫాస్టీనాది. కృష్ణా లోయలో ఎవరో ఆ కొప్పు చూసే ఉంటారు. ఇక 293లో సామ్రాజ్యాన్ని నలుగురు పంచుకున్నాక ముఖాలే మారిపోయాయి. చతురస్రపు తల, పెద్ద కళ్లు, కురచ గడ్డం, నలుగురూ ఒకే అచ్చు. పేరు చదివితే తప్ప ఎవరెవరో తెలియదు. పనితనం క్షీణించిందని పాత పుస్తకాలు తేల్చేశాయి. నా మట్టుకు అది తెలిసి చేసిన పనే. మనిషి పోయినా పదవి పోదని చెప్పడానికి నలుగురికీ ఒకే ముఖం తొడిగారు. తర్వాత కాన్‌స్టాంటైన్ కళ్లెత్తి ఆకాశం వైపు చూశాడు. ప్రార్థిస్తున్నట్టుగా అలా వేయించుకున్నాడని ఆయన సమకాలికుడు యుసేబియస్ రాశాడు.

మన నేల ఇచ్చిన జవాబులు

ఈ ముఖాలు మన దగ్గరికి వచ్చాక వాటి బతుకు మారింది. మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో టైబీరియస్ నాణేలను అచ్చు తీసిన మట్టి బిళ్లలు దొరికాయి. దండలో గుచ్చుకోవడానికి వీలుగా చేసినవి. వెండి కొనలేని ఇంటి ఆడపిల్ల మెడలో రోము చక్రవర్తి మట్టి బిళ్లయి వేలాడాడు. ఇంకో రకం జవాబు కత్తిది. దక్షిణాదిన దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. 1898లో పుదుక్కోట్టై దగ్గర దొరికిన 501 నాణేల్లో పదింట తొమ్మిదికి పైగా అలాంటివే. అది చక్రవర్తి మీద కోపం కాదు. అరిగి బరువు తగ్గిన నాణెం ఇక చెల్లదని చెప్పే గుర్తు అన్న వివరణే నాకు సబబనిపిస్తుంది. అయినా ఆ గాటు వెనకవైపు బొమ్మ మీద పడలేదు, ముఖం మీదే పడింది. నాణేనికి అధికారం ఎక్కడుందో ఆ ఉలి పట్టినవాడికి తెలుసు.

మూడో జవాబు అనుకరణ. శాతవాహనులు మామూలుగా సీసం, రాగి నాణేల మీద ఏనుగు, ఓడ, ఉజ్జయిని గుర్తు వేసేవారు. పశ్చిమాన క్షత్రపుల వెండి నాణేల మీద రాజుల ముఖాలు చూశాక గౌతమీపుత్ర శాతకర్ణి, వాశిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి కూడా వెండి మీద తమ ముఖాలు వేయించుకున్నారు. క్షత్రపులకు ఆ అలవాటు గ్రీకు రాజుల నుంచి వచ్చింది. కుడివైపు తిరిగిన తల, జుట్టు ఉంగరాలు, చెవికి కుండలం. ఒకవైపు ప్రాకృతంలో, రెండోవైపు ద్రావిడ భాషలో రాజు పేరు. దక్కను రాజుల్లో ముఖం తెలిసిన మొదటి వరస వీరిదే. ఇక్కడా పోలిక పూర్తిగా నమ్మదగింది కాదు. అయినా పులుమావికీ యజ్ఞశ్రీకీ తేడా కనిపిస్తుంది.

ఉత్తరాంధ్రకు ఇంకా దగ్గరి కథ గంజాంలో ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోదే. అక్కడ జౌగడ కోట దగ్గర పురుషోత్తంపూర్‌లో దొరికిన వింత రాగి నాణేలను 1858లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ లోకానికి తెలియజేశాడు. తర్వాత పూరీలోనూ కుప్పలు దొరకడంతో వాటికి పూరీ-కుషాణ నాణేలన్న పేరు స్థిరపడింది. వాటి పూర్వీకులు వాయవ్యాన కుషాణ చక్రవర్తుల నాణేలు. కుషాణులు రోము నుంచి నేర్చుకున్నారు. వారి తొలి రాజు కుజుల కడ్‌ఫిసెస్ రాగి నాణెం మీది తల అచ్చంగా అగస్టస్ తలను చూసి చేసినట్టే ఉంటుంది. అంత దూరం నుంచి చేతులు మారుతూ కళింగానికి వచ్చేసరికి నాణెం మీద ముఖం లేదు. పొడుగు అంగీ తొడిగి నిలబడ్డ రాజు నాలుగైదు గీతల మనిషైపోయాడు. తల ఒక చుక్క. చూసి చూసి అచ్చు పోసిన చేతులకు అసలు రాజెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. దీన్ని మొరటుతనమని తోసెయ్యలేను. పిల్లలు గీసే మనిషి బొమ్మలోని చురుకుదనం ఆ గీతల్లో ఉంది.

ఆ తర్వాత వచ్చిన కళింగ గాంగులు ముఖాన్ని పూర్తిగా పక్కన పెట్టేశారు. కళింగనగరం, అంటే మన ముఖలింగం, వారి రాజధాని. వారి బంగారు ఫణం అర గ్రాము బరువు కూడా దాటదు, చిటికెన వేలి గోరు మీద సరిపోతుంది. ఒకవైపు పడుకున్న ఎద్దు, పక్కన నెలవంక, శంఖం వంటి గుర్తులు. రెండోవైపు రాజ్యసంవత్సరం అంకె. పేరు లేదు, ముఖం లేదు. అనంతవర్మ చోడగంగ దేవుడు ఏడు దశాబ్దాలు ఏలాడు, గంగ నుంచి గోదావరి దాకా తన రాజ్యమన్నాడు. ఆయన ముక్కు ఎలా ఉండేదో మనకు తెలియదు. నాణెం మీద శివుడి వాహనం ఉంటే చాలనుకున్నారు. రోము ముఖంతో చెప్పిన మాటను ముఖలింగం నందితో చెప్పింది.

మళ్లీ రాజు ముఖం మన జేబుల్లోకి వచ్చింది తెల్లదొరల పాలనలోనే. విక్టోరియా రాణి రూపాయలు, సవరన్లు కరిగిపోకుండా కాసులపేర్లలో బతికాయి. మన జనం ఆ బొమ్మలను ఊరికే చూడలేదనడానికి 1911 నాటి రూపాయే సాక్ష్యం. అయిదో జార్జి రాజు అంగీ మీద చెక్కిన చిన్న ఏనుగు పందిలా ఉందని దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం ఆ నాణేల పంపిణీ ఆపేసి, బొమ్మ సరిచేసి 1912లో కొత్తవి వేయాల్సి వచ్చింది. అంత చిన్న తొండం మీద జనం కన్ను పడింది!

పొలంలో కాసు దొరికితే

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల గోడ తగిలింది. చిన్న గుడి శిథిలం. లోపల ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు: ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా. అతను వాటిని బంగారం ధరకు అమ్ముకున్నాడు. విషయం పైవాళ్లకు తెలిసేలోపే చాలావరకు కరిగిపోయాయి. ఆ తర్వాత వాటిలో మిగిలినవాటిని చూసిన మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఉత్తరం రాసి పెట్టబట్టి ఈ సంగతైనా మనకు తెలిసింది. కొన్ని టంకసాల నుంచి అప్పుడే వచ్చినంత కొత్తగా ఉన్నాయని, కొన్నిటికి మెడలోనో దండకో కట్టుకున్నట్టు చిల్లులున్నాయని ఆయన రాశాడు. కరిగిన కుండలో ఎన్ని ముఖాలు పోయాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బౌద్ధ దిబ్బల మీద, పాత రేవుల పక్కన ఇప్పటికీ సేద్యం సాగుతోంది, ఇళ్లకు పునాదులు పడుతున్నాయి. వంశధార, నాగావళి గట్లలో, రామతీర్థం కొండల చుట్టూ, దంతవక్త్రుని కోట కట్టల మీద వాన పడ్డాక మట్టి కడుక్కుపోయి పెంకులు తేలుతాయి. వాటితో ఎప్పుడైనా ఒక చిన్న లోహపు బిళ్ల తేలవచ్చు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్నదేదైనా భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహపు విలువతోపాటు అందులో అయిదో వంతు అదనంగా చెల్లించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. భయపడాల్సిన పని లేదు. దొరికిన చోటే ఫోనుతో రెండువైపులా ఫొటో తీయండి, ఆ చోటు గుర్తుపెట్టుకోండి, తహసీల్దారుకు చెప్పండి. చింతపండుతోనూ బూడిదతోనూ మాత్రం తోమకండి. ఆ తోముడుకు మొదట పోయేది ముఖమే.